6 వోల్టుల ట్రాక్టరునకు అరువు విద్యుత్తు

పొయ్యిలో నిప్పు ఆరిపోయిన నాడు పిడక పట్టుకొని పొరుగింటికి పోయి నిప్పు తెచ్చుకొనుట మన యిండ్లలో పూర్వమున్న యలవాటు. బ్యాటరీ చచ్చిన యంత్రమునకు వేరొక యంత్రపు బ్యాటరీనుండి తీగలతో శక్తి నిచ్చి కదలించుటయు నట్టిదే. అయితే పొరుగింటి నిప్పు ఏ పొయ్యికైనను సరిపడును. విద్యుత్తు అట్లు సరిపడదు. 12 వోల్టుల బండినుండి 6 వోల్టుల పాత ట్రాక్టరునకు అరువు తెచ్చుటలో బ్యాటరీలు పగులుటయు, కన్నులు పోవుటయు, ఒక్కొక్కచో ప్రాణములే పోవుటయు కలదు. కావున నీ విషయమును కొంత వివరముగా చెప్పదలచితిని.

మన పొలములలో తిరుగుచున్న ట్రాక్టర్లు సామాన్యముగా 12 వోల్టులవి. 6 వోల్టులవి అమెరికాలో విశేషముగా కలవు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఫోర్డు 8ఎన్. 1947 మొదలు 1952 వరకు అట్టివి ఐదు లక్షలకు పైగా తయారయ్యెను. నేటికిని చిన్న కమతములలో గడ్డి కోయుచు, మంచు త్రోయుచు ననేకము పనిచేయుచున్నవి. హ్యారీ ఫెర్గుసన్, హెన్రీ ఫోర్డులు 1938లో చేయి చేయి కలిపి నోటిమాటగా చేసికొన్న ఒప్పందము చెడిన పిమ్మట పుట్టిన యంత్రమిది. దానిపై నడచిన వ్యాజ్యము 1952లో 92,50,000 డాలర్లతో రాజీ పడినది. వ్రాతలేని ఒప్పందముల నెరిగిన మీకు ఆ కథ వేరొకనాడు చెప్పదగినదే.

ఇక విషయమునకు వత్తము. సీసపు బ్యాటరీలో ఒక్కొక్క అర రమారమి 2 వోల్టుల నిచ్చును. మూతలు మూడున్నచో 6 వోల్టులది. ఆరున్నచో 12 వోల్టులది. వోల్టులనగా చెరువులో నీటిమట్టము వంటిది. మట్టము తక్కువైనప్పుడు అంతే పని జరుగవలెనన్న ఎక్కువ నీరు పారవలెను; కాలువ వెడల్పు కావలెను. అట్లే 6 వోల్టుల యంత్రమునకు రెట్టింపు ప్రవాహమును, దానికి తగిన లావు తీగయు నావశ్యకము. లెక్క చూడుడు. స్టార్టరు 200 ఆంపియర్లు పీల్చుచుండగా, చిలుము పట్టిన ఒక్క బిగింపు ఓమునందు నూరవవంతు అడ్డగించిన చాలును, 2 వోల్టులు అచ్చటనే హరించిపోవును. 12లో రెండు పోయిన ఆరవవంతు నష్టము. 6లో రెండు పోయిన మూడవవంతు నష్టము! కారు తీగ సన్ననిదానిని తెచ్చి యిట్టి ట్రాక్టరునకు బిగించినవారు బ్యాటరీని నిందించుట నాకు నవ్వు పుట్టించును.

కనుక అరువునకు పోవుటకు ముందు మన యింటిని చూచికొనవలెను. మీట నొక్కగా ఇంజను మూలుగుచున్నచో, వెంటనే బిగింపుల నొక్కొక్కటిగా తాకి చూడుడు. ఏది వెచ్చగా నున్నదో అదియే దొంగ. మొదట యంత్రపు ఒడలికి బిగించిన తీగ నూడదీసి, పిమ్మట రెండవదానిని తీసి, వంటసోడా కలిపిన నీటితో కడిగి, లోహము మెరయునట్లు గీకి, గట్టిగా బిగింపుడు. చచ్చినదనుకొన్న బ్యాటరీలు పెక్కు ఈ చికిత్సతోనే లేచును. తాళపుచెవిని తిప్పియుంచి మరచిపోయినను రాత్రికి రాత్రి బ్యాటరీ ఖాళీ కావచ్చును. అది వేరు సంగతి.

బ్యాటరీ నిజముగా ఖాళీ అయినచో, శీతదేశములలో మరియొకటి చూడవలెను. నిండిన బ్యాటరీలోని ఆమ్లము సులభముగా గడ్డకట్టదు గాని, ఖాళీదానిలోనిది నీటికి దగ్గరగా నుండుటచే సున్నకు ఏడెనిమిది డిగ్రీల దిగువననే గడ్డకట్టును. గడ్డకట్టినదానికి అరువు విద్యుత్తు నీయరాదు. అది పగిలి ఆమ్లము ముఖమున చిమ్మును.

ఇప్పుడు ముఖ్యమైన చిక్కు. నేటి బండ్లలో బ్యాటరీయొక్క ఋణధ్రువము యంత్రపు ఒడలికి బిగింపబడి యుండును. 8ఎన్‌లో ధనధ్రువము ఒడలికి బిగింపబడినది! రంగు చూచి గాని, అలవాటునుబట్టి గాని తీగ తగిలించినవాడు మోసపోవును. బ్యాటరీపై నున్న గుర్తులనే నమ్మవలెను. మరియు రెండు యంత్రములు ఒకదానినొకటి తాకరాదు; ఒకదాని ఒడలు ఋణము, రెండవదాని ఒడలు ధనము గనుక తాకినచో మంటలు లేచును.

6 వోల్టుల బండినుండి తెచ్చునప్పుడు మార్గమిది. మంచి బ్యాటరీ ఋణధ్రువమునుండి చచ్చినదాని ఋణధ్రువమునకు ఒక తీగ. రెండవ తీగ మంచిదాని ధనధ్రువమునుండి పోయి, ట్రాక్టరు ఇంజనుపై బ్యాటరీకి దూరమైన, రంగులేని ఇనుముపై చివరిగా తగులవలెను. చివరి స్పర్శలో నిప్పురవ్వ పుట్టుట తప్పదు. బ్యాటరీనుండి వెలువడు ఉదజని వాయువు ఆ రవ్వకు అందినచో తుపాకివలె ప్రేలును. కన్నులకు అద్దములు పెట్టుకొనుడు. బీడీ కాల్చువారిని దూరముగా నిలుపుడు.

6 వోల్టుల బండి దొరకుట కష్టము. కావున జనులు 12 వోల్టులది తెత్తురు. అట్లు బ్యాటరీకి తగిలించినచో ఆమ్లము పొంగును, వాయువు మిక్కుటముగా వెలువడును, దీపములు మాడును. కొందరు నేర్పరులు బ్యాటరీని తప్పించి, స్టార్టరు మరకే నేరుగా తగిలించి క్షణకాలము త్రిప్పుదురు. స్టార్టరు కొలదిసేపు దాని నోర్చుకొనును గాని, రెట్టింపు బలముతో పండ్లు దబ్బున గ్రుద్దుకొని చక్రపు పండ్లు విరుగవచ్చును.

అంతకంటె పెద్ద భయము వేరు. 8ఎన్‌లో గేరు తటస్థముగా లేనిదే మీట పనిచేయని యేర్పాటు కలదు. స్టార్టరుకు నేరుగా తీగ తగిలించినవానికి ఆ రక్షణ లేదు. అతడు పెద్ద చక్రమునకు ముందు నేలపై నిలిచియుండును. గేరు పడియున్నచో ఇంజను లేచిన క్షణముననే ట్రాక్టరు అతనిమీదికి నడచును. అమెరికాలో అట్లు మరణించినవారు కలరు. అందుచేతనే ట్రాక్టర్లపై, ఆసనముననే కూర్చుండి ప్రారంభింపుమను హెచ్చరిక అంటింపబడును. ఇది మన 12 వోల్టుల ట్రాక్టర్లకును వర్తించును. స్క్రూడ్రైవరుతో స్టార్టరు కొనలను కలుపు కుర్రవానిని మీరు చూచినచో, దయచేసి చేయి పట్టుకొని ఆపుడు. ఈ 12 వోల్టుల మార్గమును నేను ఎవరికిని చెప్పను. మెకానిక్కు తన బాధ్యతపై చేసికొనును.

చేతికొంకితో త్రిప్పుట మరియొక మార్గము. గేరు తటస్థముగా నుంచి, చక్రములకు ముందు వెనుక రాళ్లు పెట్టి, బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్లవైపే యుంచి, క్రిందినుండి పైకి లాగవలెను. క్రిందికి త్రోసినచో ఇంజను వెనుకకు తన్ని మణికట్టు విరుచును. మ్యాగ్నెటో యున్న మరింత పాత ట్రాక్టర్లు బ్యాటరీ లేకయే యిట్లు లేచును. 8ఎన్‌కు మాత్రము నిప్పురవ్వ బ్యాటరీనుండియే రావలెను. అది పూర్తిగా చచ్చియున్నచో ఎంత త్రిప్పినను చెమటయే మిగులును.

ఇంజను లేచిన పిదప తీగలను తగిలించిన క్రమమునకు విలోమముగా తీయుడు: మొదట ఇంజనుపై తగిలించినది. ఆంపియరుమీటరు ముల్లు చార్జి వైపునకు మొగ్గినదా యని చూడుడు. మొగ్గనిచో డైనమో బెల్టును, తీగలను పరీక్షింపవలెను. మొగ్గినను ఒక గంట దున్నినంతమాత్రమున ఖాళీ బ్యాటరీ నిండదు. సాయంకాలము దానిని గాలి తగులు పాకలో పెట్టి, 6 వోల్టులకే తగిన చార్జరుతో, కొలది ఆంపియర్లతో రాత్రియంతయు నింపుడు.