కొర్రబువ్వ ఎందుకు పోయింది?

(అనంతపురం జిల్లాలో జరిగిన మండల రైతు సంఘం మహాసభలో చేసిన ప్రసంగం)



పోయిన సంక్రాంతికి నా కొడుకు పిల్లోడు హైదరాబాదు నుంచి వచ్చినాడు. నా భార్య కొర్రబువ్వ వండి, ఉలవచారు పోసి పెట్టింది. వాడు చూసి, "అవ్వా, ఇది చిలకలకు వేసే గింజ కదా!" అన్నాడు. వాళ్ల అపార్టుమెంటులో పంజరాల్లోని పిట్టలకు కొర్రలే వేస్తారంట. అందరం నవ్వినాము. ఆమె మాత్రం నవ్వలేదు. "వాడిదేం తప్పు? ఈ కొర్రలు మన చేనివి కావు, అంగట్లో కొన్న ప్యాకెట్టువి" అన్నది.

ఆ మాటే మీ ముందు పెడదామని వచ్చినాను. పిల్లలు పిజ్జాలకు అలవాటు పడి మన తిండి మరిచినారని తిడుతుంటాము. కానీ కొర్ర ముందు పోయింది కంచంలోంచి కాదు, చేనిలోంచి. తీసేసింది మన తరమే.

మా అమ్మ కాలంలో మెట్టచేనిలో కొర్ర విత్తి, మధ్యమధ్య కంది సాళ్లు వేసేవాళ్లు. కొర్ర మూడు నెలల్లో ఇంటికొచ్చేది. కంది ఆలస్యంగా వచ్చేది. ఒకటి ఎండినా ఇంకొకటి నిలిచేది. తర్వాత వేరుశనగ వచ్చింది. చేతికి డబ్బు కనిపించింది, అందరం అదే వేసినాము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పస్తులున్న ఇళ్లలో అన్నం ఉడికింది. దాన్ని నేను తప్పు పట్టను.

ఇంకొక కారణం మగవాళ్లం ఒప్పుకోము. కొర్ర, సామ, ఆరిక గింజలకు పొట్టు గట్టిగా ఉంటుంది. రోట్లో దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. కోడి కూయకముందే లేచి మా అమ్మ ఆ పని చేసేది. బియ్యం వచ్చినాక ఆమెకు రోకలిపోటు తప్పింది. కాబట్టి పాతకాలమే బంగారమని నేను చెప్పను. ఆ రోకలిని మన కోడళ్ల చేతిలో మళ్లీ పెట్టమనీ అనను.

అయితే పంటతోపాటు చాలా పోయింది. ఏ కార్తెలో ఏ గింజ విత్తాలి, విత్తనాన్ని బూడిద కలిపి ఎట్లా దాచాలి, ఆరికన్నానికి ఎసరు ఎంత పెట్టాలి, ఇవి ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. చేస్తుంటే చూసి నేర్చుకున్నవి. చేయడం ఆగితే నేర్పడమూ ఆగుతుంది. మా అమ్మ పోయినప్పుడు మా ఇంట్లో సగం పోయింది. మిగిలిన సగం నా భార్య దగ్గరుంది. ఆమెను అడిగేవాళ్లు లేరు.

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. సభలు జరిగినాయి, దండలు వేసుకున్నారు. కానీ కేంద్రం మద్దతు ధర ప్రకటించే చిరుధాన్యాలు జొన్న, సజ్జ, రాగి మాత్రమే. కొర్రకు లేదు, సామకు లేదు, ఆరికకు లేదు. రాగికి ధర ఉన్నా, కొనేవాళ్లు ఊరి దగ్గర లేకపోతే ఆ ధర కాగితం మీదే. 2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలూ ఉన్నాయి. మన కార్డు మీద వచ్చేది మాత్రం ముఖ్యంగా బియ్యమే. పట్నంలో షుగరు వచ్చినవాళ్లు అర కిలో ప్యాకెట్లు కొంటున్నారు. ఆ ధరలో పండించినవాడికి దక్కేదెంత?

అందుకే సంఘం తరఫున మూడు అడుగుదాము. కొర్ర, సామ, ఆరికలకు మద్దతు ధర ఇవ్వాలి. మండలానికొక పొట్టు తీసే మిల్లు పెట్టాలి. మన దగ్గర పండినవి కొని, మన రేషన్‌లో, బడి భోజనంలో పెట్టాలి.

మనం చేయాల్సింది ఒకటుంది. వచ్చే వానలకు ప్రతి సభ్యుడూ పది సెంట్లలో కొర్ర, కంది వేయండి. అమ్మడానికి కాదు, తినడానికి, విత్తనానికి. ఊర్లో డెబ్బై దాటిన అవ్వల దగ్గరికి పోయి, ఏ విత్తనం మిగిలిందో, ఏది ఎట్లా వండుతారో అడగండి. సెలవుల్లో పిల్లలను ఆ చేనికి తీసుకుపోండి.

చిలకల గింజ అన్న పిల్లోడిని వచ్చే సంక్రాంతికి నేను కోత కోసిన చేనికే తీసుకుపోతాను. చూపించడానికి చేను ఉంటేనే కదా, చెప్పడానికి మాట ఉండేది.