స్లాబు ఆరకముందే

 

19వ అధికరణం ఇక్కడే బట్టీపట్టాను. దానికింది మినహాయింపులు పరీక్షలో అడగలేదు, నేనూ చదవలేదు.

బొంబాయి వారపత్రిక ‘క్రాస్ రోడ్స్’ తన రాష్ట్రంలోకి రాకుండా మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోవే. 1950 మేలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 1951 జూన్‌లో మొదటి సవరణ వచ్చి, ‘ప్రజాశాంతి’ పేరుతో కూడా వాక్ స్వాతంత్ర్యాన్ని పరిమితం చేయొచ్చంది. ‘సహేతుకమైన’ అన్న మాట చేర్చారు, అది మేలే. కానీ చేసింది తాత్కాలిక పార్లమెంటు. అందరి ఓట్లతో తొలి ఎన్నికలు ఆ అక్టోబరులోనే మొదలయ్యాయి. విభజన గాయాలు పచ్చిగా ఉన్నమాట నిజమే, అయినా కొన్ని నెలలు ఆగలేకపోయారా? స్లాబు ఆరకముందే సెంట్రింగ్ విప్పిన మేస్త్రీని నేను సైటులో ఉంచను.

సోషల్ మాస్టారూ, ఈసారి ఆ మినహాయింపులూ పరీక్షలో అడగండి.