మన అర్జీ మనమే కొట్టుకుందాం

(తర్లుపాడులో కంప్యూటరు నేర్చుకోవడానికి కూడిన వారితో మాట్లాడిన మాటల పాఠం)

 

ఈ పెట్టెను చూసి కొందరు దూరంగా కూర్చున్నారు. ముట్టుకుంటే పాడవుద్దేమోనని ఒక అక్క అడిగింది. పాడవదు. మనల్ని ముట్టుకోవద్దన్నవి ఈ దేశంలో చాలా ఉన్నాయి గానీ వాటిలో ఇది లేదు. ముందుకు రండి.

మనది పలకల సీమ. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన పిల్లలు ఎన్నెన్ని ఊళ్ళల్లోనో ఉన్నారు. రాయి తవ్వింది కూలోళ్ళు, పొర విడదీసింది కూలోళ్ళు, కోసి చట్రం బిగించింది కూలోళ్ళు. ఆ కూలోళ్ళలో ఎంతమంది ఆ పలక మీద తమ పేరు రాసుకున్నారు? ఇప్పుడా రాయి గోడలకూ నేలకూ వేసే డిజైను రాయిగా పరదేశాలకు పోతోంది. పిల్లల చేతికి పలక బదులు తెర వచ్చింది. ఈసారి కూడా మోసేది మనం, రాసేది వేరేవాళ్ళు అయితే ఎట్టా?

ఒక సంగతి చెప్తాం. ఊరి పేరు చెప్పం. మన మనిషిని నలుగురూ చూస్తుండగా బజారులో కులం పేరెత్తి తిట్టారు. ఆయనకు రాయడం రాదు. టైపు కొట్టే చోటికి పోయి, ఏడ్చుకుంటా జరిగిందంతా చెప్పుకున్నాడు. కొట్టినాయన 'మాటా మాటా పెరిగి దూషించినారు' అని ఒక్క ముక్కలో తేల్చాడు. కులం పేరు లేదు, ఎక్కడ అన్నదీ లేదు, ఎవరు విన్నదీ లేదు. వేలిముద్ర వేసి ఇచ్చి వచ్చాడు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది 1989 లో. దానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. జనం కంటబడే చోట కులం పేరుతో తిట్టడం నేరమని మూడో సెక్షను చెప్తుంది. పేరు లేకపోతే, చోటు లేకపోతే ఆ కేసుకు కాళ్ళెక్కడివి? నోటితో చెప్పిన ఫిర్యాదును అధికారి రాసుకుని, సంతకానికి ముందు చదివి వినిపించాలనీ, నకలు వెంటనే చేతికివ్వాలనీ నాలుగో సెక్షనులో ఉంది. ఆ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. మేమూ ఆలస్యంగా పోయాం.

1985 జూలై 17 న కారంచేడులో ఆరుగురిని చంపినప్పుడు అది మన ప్రకాశం జిల్లా. బతికి బయటపడ్డోళ్ళు చీరాలకు చేరారు. ఆ రోజుల్లో కరపత్రం వెయ్యాలంటే సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే ప్రెస్సు కావాలి. ప్రెస్సాయన జంకితే కరపత్రం లేదు. ఇవ్వాళ ఆ ప్రెస్సంతా ఈ బల్ల మీదే ఉంది.

ఇక పనిలోకి వద్దాం. తెలుగు కొట్టడానికి ఇంగ్లీషు రావాలని భయపడొద్దు. ఇన్‌స్క్రిప్టు అనే అమరిక ఉంది. మన దేశ భాషల్లో చాలావాటికి కలిపి ప్రభుత్వమే తయారు చేయించింది. దాని గుట్టు చిన్నది. కుడిచేతి వైపు ఎక్కువగా హల్లులు, ఎడమచేతి వైపు గుణింతాలు. బళ్ళో గుణింతం చదివిన ఎవరికైనా సగం వచ్చినట్టే. షిఫ్టు నొక్కితే క ఖ అవుద్ది, త థ అవుద్ది, ప ఫ అవుద్ది. వత్తు కావాలంటే రెండు హల్లుల మధ్య పొల్లు కొట్టాలి. పొల్లు డి మీట మీద ఉంది. మన ఊరి పేరే కొడదాం. త కు ఎల్, ర కు జె, పొల్లుకు డి, ల కు ఎన్, కొమ్ముకు జి. 'తర్లు' వచ్చిందా? ప కు హెచ్, దీర్ఘానికి ఇ, డ కు పి పక్కనున్న బ్రాకెట్టు మీట, మళ్ళీ కొమ్ముకు జి. తొమ్మిది దెబ్బలకు తర్లుపాడు. చూసుకుంటా కొట్టండి, వారానికి చూడకుండా కొడతారు.

ఫాంటు సంగతి జాగ్రత్త. డీటీపీ చేసేచోట చాలాకాలంగా అను ఫాంట్లు వాడతన్నారు. అచ్చుకు అందంగానే ఉంటాయి. కానీ ఆ ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలు. మనం యూనికోడులో కొట్టాలి. ఎక్కడ తెరిచినా తెలుగు తెలుగుగానే ఉంటుంది. గౌతమి లాంటి యూనికోడు ఫాంటు చాలు. వర్డు కొనే డబ్బుల్లేకపోతే లిబ్రె ఆఫీసు ఉచితంగానే దొరుకుద్ది.

నాలుగు వరుసలు కొట్టగానే కంట్రోలు మీట పట్టుకుని ఎస్ నొక్కండి. అది దాచడం. మన కరెంటు సంగతి మీకు చెప్పాలా? ఫైలుకు పేరు పెట్టేటప్పుడు ఊరి పేరు, విషయం, తేదీ పెట్టండి. 'అర్జీ కొత్తది', 'అర్జీ కొత్తది 2' అని పెడితే ఆర్నెల్ల తరువాత దేవుడికి కూడా దొరకదు.

ఒకసారి కొట్టిన అర్జీని నకలు తీసి తాసిల్దారుకూ కలెక్టరుకూ పేర్లు మార్చి ఇవ్వొచ్చు. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఫ్లోరైడు నీళ్ళ మీద ఒక పల్లెకు కొట్టిన అర్జీనే ఇంకో పల్లెకు మార్చాం. పైన ఊరి పేరు మార్చాం, కింద పేరాలో పాత ఊరి పేరు అట్టాగే ఉండిపోయింది. అవతల కూర్చున్న గుమాస్తా దాన్ని చూసి నవ్వాడు. మేం తలొంచుకున్నాం. ప్రింటు తీసే ముందు గట్టిగా పైకి చదవండి, పక్కన చదువు రానివాళ్ళను కూర్చోబెట్టుకుని చదవండి. తప్పు ముందు వాళ్ళకే తెలుస్తుంది, ఎందుకంటే బాధ వాళ్ళది.

ఫోనుంది కదా, ఇదెందుకని కుర్రాళ్ళు అడుగుతన్నారు. ఫోనుతో మాట్లాడితే తెలుగులో రాస్తుంది, నిజమే. వాడండి. కానీ అరవై మంది పేర్లు, సర్వే నంబర్లు, సెంట్లు వరుసగా పట్టికలో పెట్టాలంటే ఈ తెర కావాలి, ఈ మీటలు కావాలి. 214 ను 241 అని కొడితే పొలం పక్కోడిదవుద్ది.

మొదటి పాఠం శ్మశానం మీదే. మన శ్మశానం సర్వే నంబరెంత, విస్తీర్ణమెంత అని సమాచార హక్కు చట్టం 2005 కింద మండల రెవెన్యూ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి అడుగుదాం. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని తెచ్చుకోవాలి.

రేపు వచ్చేటప్పుడు ఇంట్లో పాత అర్జీల నకళ్ళుంటే తీసుకురండి, చెదలు తిన్నవైనా సరే. అద్దాలున్న పెద్దలు అద్దాలు మర్చిపోవద్దు. ఉన్నది రెండు కంప్యూటర్లే, ముగ్గురు ముగ్గురుగా కూర్చుందాం. పనికి పోయి వచ్చే ఆడోళ్ళకు ముందు వంతు. సాయంత్రం ఆరున్నరకు మొదలు.