పూస రంగుకి అర్థం ఎవరు చెప్పాలి?

(ఆదివాసీ యువజన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న సాయంత్రం ఒక చెల్లి నా దగ్గరికి వచ్చి ఫోను చూపించింది. వాళ్ల అవ్వ మెడలో ఉన్న పూసల దండని ఫొటో తీసి పెట్టిందంట. కింద ఎవరో అడిగారు: "ఈ రంగులకి అర్థం ఏంటి?" అని. ఈ పిల్లకి తెలీదు. వెంటనే గూగుల్‌లో వెతికింది. ఎరుపు అంటే ధైర్యం, నీలం అంటే ఆకాశం, ఆకుపచ్చ అంటే గడ్డి, తెలుపు అంటే పాలు అని ఒక పట్టిక దొరికింది. అదే రాసి పెట్టేసింది. చాలామంది మెచ్చుకున్నారు. కానీ రాత్రి నిద్ర పట్టలేదంట. "అన్నా, తప్పు చేశానా?" అని అడిగింది.

తప్పు అని నేను అనను. కానీ ఆ పట్టిక వాళ్ల అవ్వది కాదు. అది తూర్పు ఆఫ్రికాలోని మాసాయిలది. అందుకే ఈ రోజు నేను పూసల గురించే మాట్లాడదామనుకున్నా.

మాసాయిలు కెన్యాలో, టాంజానియాలో పశువుల్ని మేపుకుని బతికే జనం. ఆ పట్టికలోని రంగుల్ని ఒక్కొక్కటి చూడండి. ఎరుపు అంటే ఉత్త ధైర్యం కాదు. పదిమంది కలిసిన రోజున కోసే పశువు రక్తం అది. అందుకే అది ఐకమత్యానికి కూడా గుర్తు. తెలుపు ఆవు పాలు. నీలం వాన కురిపించే ఆకాశం. ఆకుపచ్చ ఆ వానకి మొలిచే గడ్డి. అన్నీ తిరిగి తిరిగి పశువు దగ్గరికే వస్తాయి. అంటే ఆ రంగులకి నిఘంటువు ఎక్కడుంది? పుస్తకంలో లేదు, పచ్చిక బయలులో ఉంది.

2022 జూన్‌లో టాంజానియాలోని లోలియోండో ప్రాంతంలో 1,500 చదరపు కిలోమీటర్ల మేత భూమిని వన్యప్రాణుల కోసమని ప్రభుత్వం హద్దురాళ్లు పాతి వేరుచేసింది. అడ్డుకున్న మాసాయిల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ దేశానికి వెళ్లే టూరిస్టులు మాత్రం మాసాయి పూసల దండలు కొనుక్కుని, "ఆకుపచ్చ అంటే గడ్డి అంట, ఎంత బాగుందో" అనుకుంటూ ఇంటికి పోతారు. గడ్డి ఎవరి చేతిలో ఉందో ఆ పట్టిక చెప్పదు. మనం చెప్పుకోవాలి.

ఇంకొంచెం కిందికి, దక్షిణాఫ్రికాలోని జులూల దగ్గరికి పోదాం. అక్కడ ఆడపిల్లలు పూసలతో చిన్న చిన్న పలకలు అల్లి, మనసు పడ్డ పిల్లవాడికి ఇచ్చేవాళ్లు. వాటిని 'ప్రేమలేఖలు' అని బయటి ప్రపంచం పిలిచింది. మార్కెట్‌కి ఇది బాగా నచ్చింది. నీలం అంటే నమ్మకం, పసుపు అంటే సంపద అని కార్డు అచ్చేసి, దండతో పాటు అమ్మడం మొదలైంది.

అసలు సంగతి అంత సులువు కాదు. తెలుపుకి దాదాపు అన్నిచోట్లా మంచి అర్థమే. మిగతా రంగులకి మాత్రం మంచీ ఉంది, చెడూ ఉంది. నలుపు పెళ్లి కావచ్చు, దుఃఖం కావచ్చు. పక్కన ఏ రంగు ఉంది, ఎవరు కట్టారు, ఎవరికి ఇచ్చారు అన్నదాన్నిబట్టి మాట మారిపోతుంది. ఊరు మారితే కూర్పు కూడా మారుతుంది. మ్సింగా అనే ప్రాంతంలో రంగుల కూర్పులకే పేర్లున్నాయి. ఇసిషుంకా అని ఒకటి, ఉమ్జాన్సీ అని ఒకటి. ఒక్క పూసని విడిగా పట్టుకుని "దీనికి అర్థం ఇది" అనడం, ఒక్క అక్షరాన్ని పట్టుకుని "ఈ పాటకి అర్థం ఇది" అన్నట్టే ఉంటుంది.

మన చుట్టూ చూసినా అంతే కదా. తెలుగు పల్లెల్లో పెళ్లయిన ఆడవాళ్లు నల్లపూసలు వేసుకుంటారు. అక్కడ నలుపు ముత్తైదువ గుర్తు, దిష్టి తగలకుండా కాపు. అదే నలుపుని శుభకార్యంలో బట్టగా కట్టుకొస్తే అదే ఇంట్లో మొహం చిట్లిస్తారు. ఒకే ఇల్లు, ఒకే రంగు, రెండు అర్థాలు. ఇక ప్రపంచమంతటికీ కలిపి ఒక పట్టిక ఎట్లా కుదురుతుంది?

ఇక్కడ కొంతమంది తెలివిగా ఒక మాట అంటారు. "ఆ గాజుపూసలు మీరు చేసినవి కావు కదా, బజార్లో కొన్నవే కదా, మీ సంస్కృతి ఎట్లా అవుతుంది?" అని. దీనికి జవాబు నేర్చుకోండి. మాసాయిల గాజుపూసలు యూరప్ నుంచి వ్యాపారులు తెచ్చినవే. అంతకుముందు వాళ్లు ఎముక, గింజ, మట్టి వాడేవాళ్లు. పూసలు ఎప్పుడూ సముద్రాలు దాటి తిరిగాయి. మన దగ్గర తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో కొలిమి ముందు కూర్చుని, కరిగిన గాజుని సన్నటి గొట్టంలా లాగి, ముక్కలు కోసి, మళ్లీ కాల్చి చిన్న పూసలు చేస్తారు. రెండు వేల ఏళ్ల కిందట పుదుచ్చేరి దగ్గర అరికమేడులో నడిచిన పద్ధతి లాంటిదే ఇది. భారతదేశంలో చేసిన గాజుపూసలు దక్షిణాఫ్రికాలోని మపుంగుబ్వే అనే పాత నగరం తవ్వకాల్లో కూడా దొరికాయి. పూస ఎవరైనా చేయొచ్చు, ఎవరైనా అమ్మొచ్చు. దాన్ని దారానికి ఎక్కించి, మెడలో వేసుకుని, దానికి మాట నేర్పింది మాత్రం ఆ జనమే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన కథ చెప్తా.

అమెరికాలో న్యూయార్క్ గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. 1626లో డచ్చివాళ్లు నాలుగు గాజుపూసలు చేతిలో పెట్టి, అమాయకులైన ఆదివాసుల దగ్గర మన్‌హటన్ దీవి మొత్తం కొనేశారు అని. మీరూ వినే ఉంటారు. ఆ కొనుగోలు గురించి ఆ ఏడాది డచ్చి అధికారి ఒకాయన రాసిన ఉత్తరం ఉంది. అందులో 60 గిల్డర్ల విలువ అని ఉంది. పూసల మాటే లేదు. ఆ పూసలు తర్వాతి కాలంలో చేరిన అతుకు. ఎందుకు అతికించారో ఆలోచించండి. ఆదివాసి తెలివితక్కువవాడు, తళుకు చూసి భూమి ఇచ్చేస్తాడు అని చెప్పుకుంటే, లాక్కున్నవాడికి మనసు తేలికవుతుంది.

అదే నేల మీద పూసలకి ఇంకో చరిత్ర ఉంది. హౌడెనోసౌనీ జాతుల సమాఖ్య వాళ్లు గవ్వల పెంకుల్ని అరగదీసి చేసిన తెల్లటి పూసలు, ఊదారంగు పూసలు వాడేవాళ్లు. వాటిని వాంపమ్ అంటారు. తెలుపు శాంతికి. ఊదా దుఃఖానికి, యుద్ధానికి, బరువైన రాజకీయ విషయాలకి. ఆ పూసలతో పట్టీలు అల్లి ఒప్పందాలు నిలబెట్టేవాళ్లు.

వాళ్ల మౌఖిక చరిత్ర ప్రకారం 1613లో డచ్చివాళ్లతో జరిగిన ఒప్పందానికి గుర్తు 'రెండు వరుసల వాంపమ్'. తెల్లటి పట్టీ మీద రెండు ఊదా గీతలు. తెలుపు నది. ఒక గీత డచ్చివాళ్ల ఓడ, రెండోది ఆదివాసుల పడవ. రెండూ పక్కపక్కనే సాగుతాయి. ఒకరి చుక్కాని ఇంకొకరు పట్టుకోరు. ఇదీ పూసలు చెప్పిన మాట. పూసలకి భూమి అమ్ముకున్న జనం కాదు వాళ్లు, పూసలతో రాజ్యాంగం రాసుకున్న జనం.

ఆ పట్టీలు చాలావరకు మ్యూజియాలకి పోయాయి. అడిగి, పోరాడి తెచ్చుకున్నారు. 1989లో న్యూయార్క్ రాష్ట్ర మ్యూజియం 12 పట్టీలని ఒనొండాగా జాతికి తిరిగి ఇచ్చింది. 2013లో ఒప్పందానికి 400 ఏళ్లు అయిన సందర్భంగా ఆదివాసులు, మద్దతుదారులు రెండు వరుసలుగా పడవలు నడుపుతూ హడ్సన్ నది మీదుగా న్యూయార్క్ చేరారు. ఏ రోజు చేరారో తెలుసా? ఆగస్టు 9. మనం ఊరూరా జరుపుకునే ఆదివాసీ దినోత్సవం రోజే.

ఒక్కటి గమనించండి. పట్టీ దొరికితే చాలదు. దాన్ని చేతిలో పట్టుకుని చదివి చెప్పే మనిషి కావాలి. మనిషి లేకపోతే అది అద్దాల పెట్టెలో అందమైన వస్తువు, అంతే. మనకీ ఇది వర్తిస్తుంది. అటవీ హక్కుల చట్టం నిబంధనల్లో 13వ నిబంధన చూడండి. పెద్దలు చెప్పిన మాటని రాసి పెడితే అది కూడా సాక్ష్యమే. అవ్వ మాట తేలిక మాట కాదు. దండ గురించి చెప్తూ చెప్తూ ఆమె ఏ ఊరి నుంచి వచ్చిందో, ఏ వాగు దాటిందో, ఏ చెట్టు కింద పెళ్లి జరిగిందో కూడా చెప్తుంది.

కాబట్టి ఇంటికి పోయాక ఒక పని చేయండి. అవ్వ పక్కన కూర్చోండి. అర్థం ఏంటని మొదటే అడగొద్దు. ఎవరిచ్చారు, ఎప్పుడు వేసుకున్నావు, ఎప్పుడు తీసేస్తారు, ఈ రంగుని మన భాషలో ఏమంటారు అని అడగండి. గోండి అయితే గోండిలో, కువి అయితే కువిలో, సవర అయితే సవరలో, ఆమె చెప్పిన మాటలోనే రికార్డు చేయండి. బయట పెట్టే ముందు ఆమెని అడగండి. వద్దంటే పెట్టొద్దు. "అర్థం ఏం లేదురా, బాగుందని కట్టుకున్నా" అని నవ్వితే, అదే రాయండి. అదీ జవాబే.

నిన్నటి చెల్లి పొద్దున మళ్లీ వచ్చింది. తన పోస్టులో ఆ పట్టిక తీసేసి, "ఇది మాసాయిల మాట, మా అవ్వని అడిగి వచ్చి చెప్తా" అని రాసిందంట. ఈ శిబిరంలో నేను నేర్పింది తక్కువ, ఆ ఒక్క వాక్యం నాకు నేర్పింది ఎక్కువ.

జోహార్.