వర్గయుద్ధం ఎవరు చేస్తున్నారు?

(మైనారిటీ హక్కుల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశపు ఆహ్వానపత్రంలో "వర్గపోరాటం" అన్న మాట చూసి కొందరు పెద్దలు మాకు ఫోన్ చేశారు. "అది కమ్యూనిస్టుల మాట కదా బేటా, మనకెందుకు? మనకు జరిగే అన్యాయం మనం ముస్లింలం కావడం చేత జరుగుతోంది. దానిని గురించి మాట్లాడండి, చాలు" అన్నారు. వారి మాటను మేము తోసిపుచ్చడం లేదు. అద్దె ఇంటి కోసం వెళ్లి, పేరు చెప్పగానే తిరిగి రావడం ఎలా ఉంటుందో ఈ మందిరంలో ఉన్నవారికి ఎవరూ చెప్పనవసరం లేదు. కాని మన పేదరికమంతటికీ అదొక్కటే కారణమని అనుకున్నంతకాలం, మన జేబును ఎవరు, ఏ చట్టంతో ఖాళీ చేస్తున్నారో మనకు కనబడదు. ఈ సంగతినే నేడు కొంత వివరంగా మనవి చేయదలిచాము.

ముందుగా మన నేల మీది పాత కథ ఒకటి. 1937 ఫిబ్రవరిలో అమెరికా దేశపు టైమ్ పత్రిక ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చిత్రాన్ని ముఖపత్రంపై అచ్చువేసి, ఆయనను ప్రపంచంలోకెల్లా సంపన్నుడని పేర్కొన్నది. ఆ సంపన్నుని రాజ్యంలోనే, జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద రైతు ఉండేవాడు. తన చిన్న కమతం కోసం విసునూరు దేశ్‌ముఖ్ బలాన్ని ఎదిరించి ఏళ్ల తరబడి న్యాయస్థానాల చుట్టూ తిరిగాడు. చివరకు గెలిచాడు. గెలిచినందుకే హత్యకు గురయ్యాడు. రాజు ముస్లిం, దేశ్‌ముఖ్ హిందువు, హతుడు ముస్లిం. తన మతంవాడే సింహాసనం మీద ఉండడం బందగీకి ఏ రక్షణా ఇవ్వలేదు. రాజుకు శిస్తు వసూలు చేసి పంపేది దేశ్‌ముఖ్. దేశ్‌ముఖ్ గడీకి అండగా నిలిచేది రాజ్యం. వారి నడుమ మతం అడ్డు రాలేదు. బందగీ కథ ఆధారంగా సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు "మా భూమి" నాటకం రాశారు. వారిద్దరూ ముస్లింలు కారు. అతని చావులో తమ ఊరి రైతు చావును చూశారు కనుకనే రాశారు. ఈ పేరు మన పిల్లలలో ఎందరికి తెలుసో పెద్దలు ఒకసారి విచారించాలి. నిజాం నగల లెక్క మాత్రం అందరికీ తెలుసు!

ఇక నిన్నమొన్నటి సంగతికి వద్దాము. 2024 లోక్‌సభ ఎన్నికల వేళ సంపద పంపకం గురించి దేశంలో చిన్న చర్చ మొదలైంది. అది అవసరమైన చర్చ. ఆ యేడు మార్చిలో ప్రపంచ అసమానతలను అధ్యయనం చేసే పారిస్ పరిశోధకులు భారతదేశపు లెక్కలు ప్రకటించారు. 2022-23 నాటికి దేశ సంపదలో 40 శాతం జనాభాలోని ఒక్క శాతం చేతిలో ఉన్నదని, దేశ ఆదాయంలో ఆ ఒక్క శాతం వాటా 22 శాతం దాటి, తెల్లదొరల కాలాన్ని మించిందని వారు తేల్చారు. ఇంతటి విషయం మీద పార్టీలు నెలల తరబడి వాదించుకోవాలి. ఏమైంది? ఏప్రిల్ 21న రాజస్థాన్‌లోని బాంస్వాడా సభలో ప్రధానమంత్రి మాట్లాడుతూ, కాంగ్రెస్ గెలిస్తే ప్రజల సొత్తును చొరబాటుదారులకు, ఎక్కువమంది పిల్లలు గలవారికి పంచిపెడుతుందని ఆరోపించారు. మంగళసూత్రాల ప్రస్తావన కూడా వచ్చింది. తాను ముస్లింలను ఉద్దేశించి అనలేదని తరువాత ఒక ముఖాముఖిలో చెప్పారు. విన్నవారికి ఎవరు గుర్తుకు వచ్చారో మనకు తెలుసు.

మిత్రులారా, ఆ రోజు చాలామంది మనవారు బాధపడ్డారు. మేమూ పడ్డాము. కాని ఆ మాట చేసిన పనిని చూడండి. ఒక్క శాతం చేతిలో 40 శాతం ఎందుకున్నది అన్న ప్రశ్న మరునాటికి మాయమైంది. దాని స్థానంలో "మీ బంగారాన్ని ముస్లింలు పట్టుకుపోతారు" అన్న భయం నిలిచింది. ధనికుని ఇనప్పెట్టె ముందు మన పేరును తెరగా కట్టారు. మనల్ని తిట్టిన తిట్టు మనకు మాత్రమే నష్టం చేయలేదు. ఆ సభలో కూర్చుని చప్పట్లు కొట్టిన భూమిలేని కూలీకి కూడా చేసింది.

వాస్తవానికి సంపన్నుల సొత్తు మీద పన్ను మన దేశానికి కొత్త కాదు. చనిపోయినవారి పెద్ద ఆస్తులపై సుంకం ఉండేది. 1985లో కాంగ్రెస్ ప్రభుత్వం దానిని తీసివేసింది. సంపద పన్ను ఉండేది. 2015 బడ్జెట్‌లో భారతీయ జనతా పార్టీ ప్రభుత్వం దానిని తీసివేసింది. ఈ ఒక్క విషయంలో రెండు పార్టీలకూ ఏనాడూ తగాదా లేదు.

పేదవాడు కూలి పెంచమంటే దానికి వర్గపోరాటమని పేరు. మరి పైనుండి కిందికి సాగే పోరాటానికి ఏ పేరు పెట్టాలి? నిజామాబాదు బీడీ కార్మికుల సంగతి చెబుతాము. ఆ జిల్లాలో మన ఇళ్ల స్త్రీలు, పద్మశాలి ఇళ్ల స్త్రీలు, దళిత స్త్రీలు పక్కపక్క వాడలలో ఒడిలో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. బాగాలేవని పక్కన పడవేసిన బీడీలకు కూలి లేదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు బీడీలపై 28 శాతం పన్ను వేశారు. బంగారంపై 3 శాతం వేశారు. పొగాకు ఆరోగ్యానికి చేటు, దానిపై పన్ను ఉండవలసిందే. ఆ మాట కాదనము. కాని అదే సమయంలో జరిగిన మరొకటి పత్రికలలో పెద్దగా రాలేదు. బీడీ కార్మికుల సంక్షేమం కోసం 1976 నాటి చట్టం కింద ప్రత్యేకంగా వసూలవుతున్న సుంకాన్ని రద్దు చేశారు. ఆ నిధితోనే వారి ఆసుపత్రులు, వారి పిల్లల ఉపకార వేతనాలు నడిచేవి. బీడీ మీద పన్ను నిలిచింది. బీడీ చుట్టే చేతికి రావలసిన ప్రత్యేక హక్కు పోయింది. ఇప్పుడు ఏ యేటికి ఆ యేడు బడ్జెట్‌లో ఎంత విదిలిస్తే అంత.

రెండేళ్లు తిరిగాయి. 2019 సెప్టెంబరు 20న ఆర్డినెన్సు ద్వారా కంపెనీల ఆదాయపు పన్నును 30 శాతం నుండి 22 శాతానికి తగ్గించారు, ఇతర రాయితీలు వదులుకుంటే చాలునన్నారు. దీనివల్ల ఏడాదికి 1 లక్షా 45 వేల కోట్ల రూపాయల రాబడి తగ్గుతుందని లెక్క చెప్పినది ప్రభుత్వమే. దీనిని ఎవరూ వర్గయుద్ధం అనలేదు, సంస్కరణ అన్నారు. 2022 చివరలో మన పిల్లల వంతు వచ్చింది. మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఆగిపోయింది. ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు మైనారిటీ పిల్లలకు ఇచ్చే ఉపకార వేతనం ఆగిపోయింది. ఆ ఫెలోషిప్‌కు ఏటా కేటాయించినది వంద కోట్ల ప్రాంతం. కంపెనీలకు వదులుకున్న దానితో పోల్చి చూడండి: వెయ్యి రూపాయలు పారవేసుకున్నవాడు రూపాయి మిగలలేదని బడి పిల్లవాని పలక అమ్మినట్లున్నది. ఫెలోషిప్ పోయినప్పుడు మనం దానిని మతవివక్షగానే చూచి నిరసన తెలిపాము. ఆ నిరసన న్యాయమైనదే. కాని కంపెనీల పన్ను తగ్గిననాడు మనలో ఒక్కరు కూడా ఒక కరపత్రం వేయలేదు. అది మన విషయం కాదనుకున్నాము.

ఇటువంటి నిర్ణయాలు ఎలా జరుగుతాయో ఎన్నికల బాండ్ల వ్యవహారం బయటపెట్టింది. అంతకు మునుపు కంపెనీ ఏదైనా తన మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వరాదన్న నియమం ఉండేది. 2017లో దానిని ఎత్తివేశారు. ఏ పార్టీకి ఇచ్చారో చెప్పనవసరం లేకుండా చేశారు. వెయ్యి రూపాయల బాండు కూడా అమ్మకానికి పెట్టారు గాని, అమ్ముడైన మొత్తంలో 90 శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లే. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ పథకం రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఆర్థిక అసమానత రాజకీయ అసమానతగా మారుతుందని, కంపెనీలు ఇచ్చే విరాళాలు ప్రతిఫలం ఆశించి చేసే వ్యాపార లావాదేవీలని ఆ తీర్పు భావం. అప్పటికి 16,500 కోట్లకు పైగా విలువైన బాండ్లు చేతులు మారాయి. పేర్లు బయటకు వచ్చినప్పుడు చూస్తే, అందరికంటే ఎక్కువ కొన్నది లాటరీలు నడిపే సంస్థ. లాటరీ టికెట్టు కొనేది ఎవరో వేరే చెప్పాలా? రెండవ స్థానంలో ఉన్నది మన హైదరాబాదులో కేంద్రం గల నిర్మాణ సంస్థ. అత్యధికంగా పొందినది కేంద్రంలోని పాలక పక్షం. అయితే రెండు తెలుగు రాష్ట్రాలను పాలించిన ప్రాంతీయ పార్టీలూ పుచ్చుకున్నాయి. రంజాన్ మాసంలో మన తల మీద టోపీ పెట్టి, తమ తల మీదా పెట్టుకున్న నాయకుల పార్టీలు కూడా అందులో ఉన్నాయి.

లోక్‌సభ వంక చూడండి. 2024లో గెలిచిన 543 మందిలో 504 మంది కోటీశ్వరులు. అందరికంటే సంపన్నుడు గుంటూరు నుండి, ఆ తరువాతివాడు చేవెళ్ల నుండి గెలిచారు, ఇద్దరూ తెలుగువారే. అభ్యర్థి ఖర్చుకు 95 లక్షల పరిమితి ఉన్నది, పార్టీ ఖర్చుకు ఏ పరిమితీ లేదు. ఆ సభలో ముస్లింలు 24 మందేనని మనం బాధపడతాము, పడాలి కూడా. కాని బీడీ చుట్టిన చేయి, పంక్చరు వేసిన చేయి అక్కడ ఎన్ని ఉన్నాయని మనం ఎప్పుడైనా లెక్కించామా? 24 స్థానాలు 74 అయి, అన్నీ కోటీశ్వరులకే దక్కితే నిజామాబాదు సోదరికి ఒరిగేదేమిటి?

ఇక్కడ మన ఇంటి సంగతి కూడా చెప్పక తప్పదు. కొందరికి కష్టం కలిగితే మన్నించాలి. 2006లో సచార్ కమిటీ దేశంలో 4.9 లక్షల వక్ఫ్ ఆస్తులు ఉన్నాయని, వాటి మీద ఏటా వచ్చేది 163 కోట్లు మాత్రమేనని, సక్రమంగా నిర్వహిస్తే 12,000 కోట్లు రాగలవని అంచనా వేసింది. మిగిలినదంతా ప్రభుత్వాలే కాజేశాయా? కొంత కాజేశాయి. కాని మసీదు మడిగెను తాతల నాటి అద్దెకు పట్టుకుని, తాను పదింతలకు మరొకరికి ఇచ్చుకునేవాడు ఎవరు? ముతవల్లీ పదవికి, కమిటీ పదవికి పోటీ పడేవారు ఎవరు? దూదేకుల సోదరుడు, ఫకీరు సోదరుడు ఆ కమిటీలలో ఎందరు? అదే నివేదిక మరొకటి కూడా చెప్పింది: మన శ్రామికులలో 61 శాతం మంది సొంత చేతి పని మీదనే బతుకుతున్నారు, కొన్ని బ్యాంకులు మన వాడలను అప్పు ఇవ్వదగని ప్రాంతాలుగా గుర్తు పెట్టుకున్నాయి. బ్యాంకు అప్పు రాని తోపుడుబండి సోదరుడు వడ్డీవ్యాపారి వద్దకు వెళతాడు. ఆ వడ్డీవ్యాపారి ప్రతిసారీ పరమతస్థుడే కాదు. ఇది మనందరికీ తెలిసిన రహస్యం.

జకాత్ ఉండగా ఈ గొడవ ఎందుకు అని అడిగినవారు ఉన్నారు. జకాత్ మన విధి. నిసాబు దాటినవారందరూ నలభైలో ఒక వంతు లెక్క తప్పక తీస్తే ఎందరికో ఆసరా అవుతుంది. అయితే జకాత్ కంపెనీ పన్నును మార్చలేదు, బాండ్లను ఆపలేదు, రద్దయిన సుంకాన్ని తిరిగి తేలేదు. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం ఒక పని, అతని పళ్లెం లాక్కున్నవానిని నిలదీయడం మరొక పని.

వర్గపోరాటమంటే ధనికుని ఇల్లు తగులబెట్టడమని, ద్వేషమని భయపడేవారికి ఒక్క మాట. తెలంగాణలో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయలతో మొదలై 2,016 రూపాయలకు పెరిగిన జీవనభృతి ఎవరి దయాధర్మం కాదు. వారు మతం అడగకుండా ఒకే సంఘంలో నిలిచి, కలెక్టరు కార్యాలయాల ముందు ఎండలో కూర్చున్నారు. ఏ ఇల్లూ తగులబడలేదు. అందులో ముస్లిం కోటా అంటూ వేరుగా ఏదీ లేదు, అయినా మన స్త్రీలు వేల సంఖ్యలో దానిని పొందుతున్నారు.

కనుక సంఘ సభ్యులకు మా ప్రతిపాదన ఇది. రాబోయే ఎన్నికలలో ఓట్లడగ వచ్చే ప్రతి అభ్యర్థినీ, మనవాడైనా కాకున్నా, మీ పార్టీకి డబ్బు ఎవరిస్తున్నారని వాడలోనే, అందరి ఎదుట అడుగుదాము. బీడీ సుంకం, మన ఫెలోషిప్, కంపెనీల పన్ను, ఈ మూడింటినీ ఒకే వినతిపత్రంలో రాసి, దాని మీద ముస్లిమేతర కార్మిక సంఘాల సంతకాలు కూడా తీసుకుందాము. మన జిల్లాలోని మసీదు మడిగెల అద్దెలు, వాటిని అనుభవిస్తున్నవారి పేర్లు మొదట మనమే రాసి గోడకు అంటిద్దాము. ఈ చివరి పనికి ఇక్కడున్న పెద్దలలో కొందరు ఒప్పుకోరని మాకు తెలుసు. నేడే చర్చించి, చేతులెత్తి తేల్చండి.

తదుపరి సమావేశాన్ని ఫంక్షన్ హాలులో కాక బీడీ కార్ఖానా ఉన్న వాడలో పెట్టాలని కోరుతున్నాము. సాయంత్రం బీడీల లెక్క అప్పగించి వచ్చేసరికి ఆరు దాటుతుందని సోదరీమణులు చెప్పారు. మగ్రిబ్ నమాజు తరువాత మొదలుపెడితే వారు కూడా రాగలరు. ఆ రోజు మొదటి ప్రసంగం వారిది; మేము వెనుక వరుసలో కూర్చుంటాము.