ఆర్జనమునకు అర్థము

ధనికులు దానము చేయుట అరుదు గాదు. తోడి వర్తకులకు గూడ దానమును నేర్పినవారు అరుదు. అట్టి యొక వనితనుగూర్చి నేడు మేము ముచ్చటింపదలచితిమి.

ఆమె అమెరికాలోని నల్లజాతి వ్యాపారిణి మేడమ్ సి. జె. వాకర్. 1867లో లూసియానా రాష్ట్రమున జన్మించెను. తల్లిదండ్రులు పూర్వము బానిసలు. వారి సంతానమున స్వేచ్ఛలో పుట్టిన తొలిబిడ్డ ఈమెయే. ఏడేండ్లకు తల్లిదండ్రులను, ఇరువదేండ్లకు భర్తను కోల్పోయెను. సెయింట్ లూయిస్ నగరమున పరుల బట్టలుతికి కుమార్తెను చదివించెను. పిమ్మట కేశసంరక్షణ లేపనముల వ్యాపారము ప్రారంభించి, 1910లో ఇండియానాపొలిస్ చేరి, వేలకొలది స్త్రీలకు జీవనోపాధి చూపెను.

మరుసటి యేట అచ్చటి నల్లజాతి యువకుల వై.ఎం.సి.ఎ. భవనమునకు వేయి డాలర్లు ప్రకటించెను. టస్కెగీ విద్యాలయ విద్యార్థులకు వేతనము లొసగెను. 1917లో ఫిలడెల్ఫియాలో తన విక్రేతలను సమావేశపరచి, ఎక్కువ సరకు అమ్మినవారికే గాక, ఎక్కువ దానము చేసినవారికిని బహుమతు లిచ్చెను. మేము మిక్కిలి మెచ్చునది ఈ పద్ధతినే.

ఆ దినములలో శ్వేతజాతి మూకలు నల్లవారిని విచారణ లేకయే చంపుచుండెడివి. ఆ ఘోరము నరికట్టు ఉద్యమమునకు 1919లో 5,000 డాలర్లు ఇచ్చెను. ఆ యేటనే మే 25న మరణించెను. సంస్థకు రాబోవు నికరలాభమున మూడింట రెండు పాళ్లు ధర్మకార్యములకు చెందవలెనని వీలునామాలో వ్రాసెను.

బట్టలుతికి బిడ్డను చదివించిన ఆ తల్లికి, పరుల బిడ్డల చదువు పరాయిది కాలేదు.