సైకిలు సాధనకు సర్వీసు బ్రేకు రాకుండా

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"వయసు మళ్ళినవారికి సైకిలు" అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఈ సభలో ఉన్నవారికి సైకిలు తొక్కడం నేర్పవలసిన పని లేదు. మనలో చాలామంది గంటకింత అని అద్దె సైకిలు తీసుకుని, ఫ్రేము సందులోంచి కాలు పెట్టి నేర్చుకున్నవాళ్ళమే. హ్యాండిలుకు క్యారేజీ తగిలించుకుని, చక్రానికి డైనమో ఆనించుకుని ఏళ్ళ తరబడి ఆఫీసుకు వెళ్ళినవాళ్ళమే. పంచాయతీవారి సైకిలు బిళ్ళకు పన్ను కట్టినవాళ్ళూ మనలో ఉన్నారు. కాబట్టి మన సమస్య తొక్కడం రాకపోవడం కాదు. మొదలుపెట్టింది మానకుండా కొనసాగించలేకపోవడం. నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క విషయమే.

పదవీ విరమణ చేసినవాడికి బోలెడు తీరిక అని బయటివాళ్ళు అనుకుంటారు. నిజం మనకు తెలుసు. పొద్దున్నే పాలు, మనవడి స్కూలు బస్సు, కరెంటు బిల్లు, బ్యాంకు, ఆసుపత్రి, నవంబరు రాగానే లైఫ్ సర్టిఫికెట్, మధ్యలో పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, పరామర్శలు. ఉద్యోగంలో ఉన్నప్పుడు "ఆఫీసుంది" అని తప్పించుకోగలిగేవాళ్ళం. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు. ఇంట్లో ఎవరికి ఏ పని పడినా, "నాన్నగారు ఖాళీయే కదా" అంటారు. అందుచేత "తీరిక దొరికినప్పుడు తొక్కుతాను" అనుకున్నవారి సైకిలు మెట్ల కింద గాలి దిగిపోయి నిలబడి ఉంటుంది.

ఎంత తొక్కితే సరిపోతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరు శ్రమ చేయాలి. అరవై అయిదు దాటినవారికీ లెక్క అదే. వారంలో 10,080 నిమిషాలున్నాయి. అందులో 150 అంటే నూటికి ఒకటిన్నర వంతు. ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలని పూర్వం ఒక నియమం ఉండేది. 2020లో దాన్ని తీసివేశారు. చిన్న చిన్న ముక్కలుగా చేసినా లెక్కలోకి వస్తుందన్నమాట. పనుల మధ్య నలిగిపోయే మనలాంటివారికి ఇది మంచి కబురు.

మోస్తరు శ్రమ అంటే ఏమిటో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. హాయిగా పాడగలుగుతున్నామంటే ఇంకొంచెం తొక్కవచ్చు. మాట కూడా తెగిపోతోందంటే తగ్గించుకోవాలి.

రెండు కొలతలు పెట్టుకోండి

నేను చెప్పే ముఖ్యమైన మాట ఇది. సాధనకు ఒక కొలత చాలదు, రెండు ఉండాలి. మొదటిది పూర్తి కొలత: అన్నీ అనుకూలించిన రోజున అరగంటో, నలభై నిమిషాలో. రెండవది కనీస కొలత: ఇంటినిండా చుట్టాలున్నా, రాత్రి నిద్ర లేకపోయినా చేయగలిగినంత. అది పది నిమిషాలు చాలు. వీధి చివరి దాకా వెళ్ళి రావడం చాలు. చాలామంది మొదటి కొలత ఒక్కటే పెట్టుకుంటారు. నలభై నిమిషాలు కుదరని రోజున అసలే మానేస్తారు. అలా మూడు రోజులు గడిస్తే నాలుగోనాడు సైకిలు గుర్తే రాదు.

కనీస కొలత ఆరోగ్యం కోసం కన్నా అలవాటు కోసం. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. ఒక కొత్త పని అప్రయత్నంగా జరిగే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందని తేలింది. కొందరికి మూడు వారాల్లోపే కుదిరింది, కొందరికి నెలల తరబడి పట్టింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా వారు గమనించారు. ఆ అధ్యయనంలో ప్రతివారూ కొత్త పనిని రోజూ జరిగే ఒక సందర్భానికి ముడిపెట్టుకున్నారు. మనమూ అలాగే చేయాలి. "ఉదయం తొక్కుతాను" అంటే కుదరదు. "మనవణ్ణి బస్సెక్కించి అటునుంచి అటే తొక్కుతాను", "కాఫీ తాగిన గ్లాసు కింద పెట్టి తాళంచెవి తీసుకుంటాను" అనుకోవాలి. గడియారం కన్నా పనికి ముడివేసినది గట్టిగా నిలుస్తుంది.

మరొక ఉపాయం. గోడ క్యాలెండరు మీద పాల లెక్క, గ్యాసు సిలిండరు మార్చిన తేదీ రాసుకుంటాం కదా. అదే గడిలో ఆ రోజు ఎన్ని నిమిషాలు తొక్కామో రాయండి. మా ఇంట్లో ఆ పని మనవరాలిది. నేను రాయడం మరచినా అది అడగడం మరవదు.

బకాయిలు చెల్లించవద్దు

తప్పిపోయిన రోజుల సంగతి చూద్దాం. ఊరికి వెళ్ళి వారం మానేసినవారు తిరిగి వచ్చాక ఒకేరోజు గంటన్నర తొక్కి సరిచేయాలని చూస్తారు. డి.ఎ. బకాయిలు ఒకేసారి చేతికందితే ఆనందమే గాని, సైకిలు బకాయిలు ఒకేసారి చెల్లిస్తే మోకాళ్ళు, నడుము వడ్డీతో సహా వసూలు చేస్తాయి. పోయినవి పోయాయి, వదిలేయండి. వారం తప్పితే మొదటి రెండు మూడు రోజులు సగం కొలతతో మొదలుపెట్టండి. నెల తప్పితే కనీస కొలత నుంచి మళ్ళీ మెట్లెక్కండి. జ్వరమో, ఆపరేషనో కారణమైతే వైద్యుణ్ణి అడిగాకే సైకిలెక్కండి.

ఒక్కరోజు తప్పితే క్యాజువల్ లీవు అనుకోండి. వరుసగా రెండో రోజు మాత్రం ఎలాగైనా కనీస కొలత పూర్తి చేయండి. ఈ ఒక్క నియమం పాటిస్తే సర్వీసులో బ్రేకు రాదు. కొలత పెంచేటప్పుడు ఇంక్రిమెంటు పద్ధతి మంచిది: వారానికి అయిదు నిమిషాలకు మించి పెంచవద్దు.

ఏడాది పొడుగునా అడ్డంకులు

మన అడ్డంకులు చెప్పకుండా వచ్చేవి కావు. పంచాంగంలో రాసిపెట్టినట్టే వస్తాయి. కనుక ముందే ఆలోచించుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో, ముఖ్యంగా రోహిణీ కార్తెలో, ఆరున్నర లోపలే ఇంటికి చేరండి. వానాకాలంలో తడిసిన రోడ్డు మీద బ్రేకు సరిగా పట్టదు, గుంటలో ఎంత లోతుందో కనిపించదు. ఆ రోజుల్లో ఇంట్లో కదలని సైకిలు ఉంటే మంచిదే. చాలా ఇళ్ళలో దాన్ని తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి వాడుతున్నారు. దాన్ని రేడియో పక్కనో, టీవీ ఎదుటో పెట్టి, "వార్తలు వచ్చినంతసేపూ తొక్కుతాను" అనుకుంటే దాని ఉద్యోగం దానికి తిరిగి వస్తుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో కనీస కొలత. అమ్మాయి పురిటికని, అబ్బాయి దగ్గరకని నెలల తరబడి వెళ్ళేవారు అక్కడ సైకిలు లేకపోతే అదే సమయానికి నడవండి. పని మారినా వేళ మారకూడదు. హైదరాబాదులో పిల్లల దగ్గర ఉండేవారికి ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సైకిలు దారి ఉంది. పైన సౌరఫలకాల కప్పు ఉంది కనుక ఎండ బాధ తక్కువ.

నెమ్మదిగా తొక్కినవాడే నిలిచాడు

ఫ్రాన్సు దేశస్థుడు రాబర్ట్ మార్షాన్ 1911లో పుట్టాడు. యవ్వనంలో సైకిలు తొక్కి, బతుకుతెరువు కోసం దేశదేశాలు తిరిగి, అరవై దాటాకే మళ్ళీ సైకిలు పట్టుకున్నాడు. 2012లో నూరేళ్ళ వయసులో గంటలో 24 కిలోమీటర్ల పైచిలుకు తొక్కాడు. 2014లో, నూట రెండో ఏట, దాదాపు 27 కిలోమీటర్లు తొక్కాడు. 2017లో నూట అయిదేళ్ళ వయసులో 22 కిలోమీటర్లు దాటించాడు. 2021లో, నూట తొమ్మిదేళ్ళకు కన్నుమూశాడు. వెరోనిక్ బిలా అనే శాస్త్రవేత్త నూట ఒకటో ఏట నుంచి నూట మూడో ఏట వరకు ఆయన్ను పరీక్షించింది. శ్రమ చేసేటప్పుడు శరీరం ప్రాణవాయువును వాడుకునే శక్తి ఆ రెండేళ్ళలో తగ్గకపోగా నూటికి పదమూడు వంతులు పెరిగింది. ఆయన ఏడాదికి అయిదు వేల కిలోమీటర్లు, అంటే వారానికి సుమారు నూరు కిలోమీటర్లు తొక్కాడు. అందులో నూటికి ఎనభై వంతులు తేలిక తొక్కుడే. ఇరవై వంతులే గట్టిది. మనం ఆ దూరాలు అందుకోనక్కర్లేదు. ఆ పాళ్ళు నేర్చుకుంటే చాలు.

లండన్ కింగ్స్ కాలేజీవారు 55 నుంచి 79 ఏళ్ళ మధ్య ఉండి, ఏళ్ళ తరబడి సైకిలు మానకుండా తొక్కినవారిని 125 మందిని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. వారి కండబలం వయసుతో పెద్దగా తరగలేదు. రోగనిరోధక కణాలను తయారుచేసే థైమస్ గ్రంథి యువకులలో మాదిరిగానే పనిచేస్తున్నట్టు కనిపించింది. వాళ్ళు మొదటినుంచీ దృఢంగా ఉన్నవారే కావచ్చు, అంతా సైకిలు మహిమే అనలేం. ఏళ్ళ తరబడి మానకపోవడం మాత్రం వారందరిలోనూ ఉన్న గుణం.

సైకిలుతో అన్నీ రావు. కూర్చుని తొక్కుతాం కనుక ఎముకల మీద బరువు పడదు. అందుకే కొంత నడవాలి. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం వంటి కండబలం పనులు వారానికి రెండు రోజులు, తూలకుండా నిలబడే సాధన మూడు రోజులు చేయాలి.

బయల్దేరే ముందు

గుండె జబ్బు, తల తిరుగుడు, చూపు మందగింపు ఉన్నవారు వైద్యుణ్ణి అడగండి. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వేసుకునేవారికి శ్రమలో కూడా నాడి అంతగా పెరగదు. నాడి లెక్కను నమ్ముకోక, మాట పరీక్షనే నమ్ముకోవాలి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి వాడేవారికి శ్రమతో చక్కెర పడిపోవచ్చు. జేబులో గ్లూకోజు పొడి ఉంచుకోవాలి. ఛాతీలో బరువు, విపరీతమైన ఆయాసం అనిపిస్తే దిగి ఆగిపోవాలి. తగ్గకపోతే ఆసుపత్రికే గాని ఇంటికి కాదు.

సీటు మీద కూర్చుని మడమను పెడలు మీద ఆనించి కిందికి తెస్తే కాలు నిటారుగా రావాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్ళు నొప్పి పుడతాయి. భయం ఉన్నవారు మొదట కొంచెం తగ్గించి, ధైర్యం వచ్చాక పెంచుకోవచ్చు. కాలు పైకెత్తి ఎక్కలేనివారు అడ్డగడ్డీ లేని లేడీస్ సైకిలు తీసుకోండి. ఈ వయసులో మొహమాటమెందుకు? పడిపోకపోవడం ముఖ్యం. తలకు హెల్మెట్, వెనక ఎర్ర లైటు, జేబులో ఇంటి ఫోను నంబరు రాసిన కాగితం తప్పనిసరి.

ఇంట్లోవారికి రెండు మాటలు

ఇక్కడున్న కొడుకులకు, కూతుళ్ళకు, కోడళ్ళకు మనవి. "ఈ వయసులో సైకిలేమిటి నాన్నా, ఎక్కడికి కావాలంటే అక్కడ నేను దింపుతాను కదా" అంటారు. అది ప్రేమతోనే అంటారని మాకు తెలుసు. కాని బ్యాంకుకో, లైబ్రరీకో, స్నేహితుడి ఇంటికో ఎవరినీ అడగకుండా వెళ్ళి రాగలగడం మాకు మిగిలిన చిన్న స్వేచ్ఛ. అది ఒకసారి చేజారితే తిరిగి రావడం కష్టం. మానమని చెప్పకండి. ఏ దారిన వెళ్ళాలి, ఏ వేళకు రావాలి అన్నది మాతో కూర్చుని తేల్చండి. లారీలు తిరిగే రోడ్డు వద్దంటే వింటాం. నెలకొకసారి బ్రేకు కట్టలు, గాలి చూసిపెట్టండి.

మరో మాట పురుష సభ్యులకు. మనం రిటైరయ్యాం. మన ఇంటి ఇల్లాలు రిటైరవలేదు. ఉద్యోగం చేసి పెన్షను తెచ్చుకుంటున్న సోదరీమణులకు కూడా వంటింటి నుంచి రిలీవింగ్ ఆర్డరు రాలేదు. మనం తొక్కి వచ్చేసరికి ఫలహారం వేడిగా ఉంటోందంటే, మన సాధన నిలకడలో సగం వాటా వారిదే. వారికి సంకల్పం తక్కువై కాదు, అరగంట తమదనిపించేది లేకనే వ్యాయామం సాగడం లేదు. కాబట్టి రోజు విడిచి రోజు పొద్దుటి కాఫీ, పాల గిన్నె, మనవడి బూట్లు మన చేతికి తీసుకుందాం. ఆ అరగంట ఆమె సైకిలు తొక్కుతుందో, నడుస్తుందో ఆమె ఇష్టం. కుటుంబంలో ఒక్కరి ఆరోగ్యం మరొకరి చాకిరీ మీద నిలబడకూడదు.

చివరగా ఒక కోరిక. రేపటి నుంచి పన్నెండు వారాలు క్యాలెండరు గడుల్లో నిమిషాలు రాయండి. తరువాతి సమావేశానికి వచ్చేటప్పుడు ఆ కాగితాలు తీసుకురండి. ఎవరు ఎక్కువ దూరం తొక్కారని మనం చూడం. ఎవరి కాగితంలో వరుసగా రెండు ఖాళీ గడులు తక్కువున్నాయో చూద్దాం.